స్తంభాద్రి మీద సింహం, అడవిలో పులి

ఖమ్మం పేరులోనే నరసింహుడున్నాడు. ఊరి నడుమ గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. ఆ గుట్టే స్తంభాద్రి. ఆ స్తంభం నుంచే కంబం, ఖమ్మం మెట్టు, ఖమ్మం అనే పేర్లు పుట్టాయంటారు. కానీ గుట్ట దిగి కొత్తగూడెం, పాల్వంచ దాటి, కిన్నెరసాని అభయారణ్యం మీదుగా భద్రాచలం దాకా వెళ్లినా అడవిలో ఒక్క సింహం కనబడదు. ఇది చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్క తిరిగే చోటు. అప్పుడప్పుడు ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి పెద్దపులి వచ్చి, వాగు ఇసుకలో అడుగులు వేసి పోతుంది. అడవికి రాజంటూ చిన్నప్పుడు చదివిన సింహం మాత్రం ఆఫ్రికాలో ఎక్కువగా గడ్డిమైదానాల్లో, పలచని పొదల మధ్య బతుకుతుంది.

ఆ మైదానంలో చాటు తక్కువ, తిండి ఎక్కువ. జీబ్రాలు, అడవిదున్నల్లాంటి బరువైన జంతువులు మందలు మందలుగా మేస్తుంటాయి. సింహం ఎక్కువ దూరం పరుగెత్తలేదు, కాబట్టి వీలైనంత దగ్గరికి పాకి మీద పడాలి. పెద్ద జంతువును పడగొట్టాలంటే నాలుగు పంజాలు కలవాలి. పడగొట్టాక ఆ మాంసం దాగదు. పైన రాబందులు తిరుగుతాయి, వాటిని చూసి దుమ్ములగొండ్లు వస్తాయి. కాపాడుకోవడానికీ గుంపు ఉండాలి.

ఆ గుంపుకు ఆడవాళ్లే వెన్నెముక. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు పుట్టినచోటే ఉండిపోతారు. వేట ఎక్కువగా వాళ్లదే, ముందు తినేది మాత్రం మగసింహం. (ఈ ముక్క చదివి మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.) ఆడసింహాలు సుమారు 110 రోజులు మోసి రెండు మూడు పిల్లల్ని కంటాయి. తల్లి కొన్ని వారాలు వాటిని పొదల్లో దాచి, తర్వాత గుంపులోకి తెస్తుంది. ఒకేసారి ఈనిన తల్లులు ఒకదాని పిల్లలకు మరొకటి పాలు ఇస్తాయి. మగపిల్లలు రెండు మూడేళ్లకు బయటికి పోక తప్పదు. అవి తిరిగి తిరిగి బలపడి మరో గుంపు మీద పడతాయి. పాత మగవాటిని తరిమి, పసికూనల్ని చంపేస్తాయి. పాలు మానిన తల్లి త్వరగా ఎదకు వస్తుంది కనుక.

పెద్దపులి కూడా దాదాపు అన్ని రోజులే మోస్తుంది. కొత్త మగపులి కూనల్ని చంపడమూ ఉంది. అయినా దాని సంసారం ఒంటరిది. టేకు, వెదురు, కంపల మధ్య నలుగురు కలిసి నక్కడం కష్టం. దొరికే దుప్పి ఒక్క తల్లికీ పిల్లలకీ సరిపోతుంది గానీ గుంపుకు చాలదు. పిల్లలు ఏడాదిన్నర, రెండేళ్లు తల్లి వెంట తిరిగి విడిపోతాయి. సరిహద్దు దాటి మన వాగుల్లోకి వచ్చేవాటిలో ఇలా కొత్త చోటు వెతుక్కునే కుర్రపులులూ ఉంటాయి.

అడవీ తిండీ కలిసే కాపురాన్ని మలుస్తాయనడానికి గుజరాత్‌లోని గిర్ సాక్ష్యం. 2025 లెక్కలో గుజరాత్ మొత్తం మీద 891 సింహాలు తేలాయి. గిర్‌లో దొరికేది ఎక్కువగా దుప్పి, అడవిపంది, పశువులు. ఆఫ్రికా జీబ్రాతో పోలిస్తే దుప్పి చిన్నది. అందుకే ఆడవి చిన్న గుంపులుగా, మగవి వేరే జట్లుగా తిరుగుతాయి. జతకట్టేటప్పుడో, పెద్ద జంతువు పడ్డప్పుడో కలుస్తాయి.

గుంపు కాపురానికీ ఒంటరి కాపురానికీ ఉన్న ఈ తేడా మన పల్లెకు పనికొస్తుంది. సింహాల గుంపు వేటను ఒక్క పూటలో చాలావరకు ముగించగలదు. ఒంటరి పులి అలా తినలేదు. మిగిలిన కళేబరాన్ని పొదల్లోకి ఈడ్చి దాచి, రెండు మూడు రాత్రులు తిరిగొస్తుంది. చంపింది ఏదో కళేబరం కొంత చెబుతుంది: పులి సాధారణంగా తొడల వైపు నుంచి తినడం మొదలుపెడుతుంది. చిరుత ఎక్కువగా పొట్ట, రొమ్ము వైపు నుంచి తింటుంది. పులి వాతపడి ఎద్దు పోయిన దుఃఖంలో రైతు సాయంత్రం పూట ఒంటరిగా కళేబరం దగ్గరికి వెళితే, దాని యజమాని తానేనని పులి కూడా అనుకుంటూ ఉంటుంది.