రేడియో తరంగానికి టికెట్టు పెట్టగలమా?

క్రిస్టల్ రేడియో ఎప్పుడైనా చూశావా నాన్నా? అట్ట గొట్టానికి రాగి తీగ చుట్టి, ఒక జెర్మేనియం డయోడు, ఒక ఇయర్‌ఫోను కలిపి, డాబా మీదికి పొడుగాటి ఏరియల్ లాగి, ఇంకో కొస నేలలోకి ఎర్త్ చేస్తే చాలు. స్టేషను దగ్గర్లో ఉంటే మాట వినబడుతుంది. బ్యాటరీ వద్దు, కరెంటు వద్దు. నీ చెవిలో పలికే శక్తంతా స్టేషను టవరు పంపిందే!

విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. దాని మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, అంటే ఒక్కో తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. అంత పొడుగు తరంగాలు నేలను అంటిపెట్టుకుని సాగుతాయి. ఉప్పునీటిలో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది కనక సముద్రం మీద ఇంకా దూరం పోతాయి. ఎఫ్.ఎం. తరంగానికి ఆ గుణం తక్కువ, దాదాపు తిన్నగా పోతుంది. తీరం కనుమరుగైనా వేట పడవలో తుఫాను హెచ్చరిక వినబడేది మీడియం వేవ్ చలవే.

ఇప్పుడు డబ్బు సంగతి. వెయ్యిమంది విన్నా పది లక్షలమంది విన్నా టవరుకయ్యే కరెంటు ఖర్చు ఒకటే. వీధి దీపంలాగే, పైసా కట్టనివాడికీ అందుతుంది. పూర్వం రేడియో ఉన్నవాళ్లు పోస్టాఫీసులో లైసెన్సు ఫీజు కట్టేవారు. 1980లలో అది ఎత్తేశారు. 1997 నుంచి ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసార భారతి కింద ఉన్నాయి. జీతాలకు కేంద్రం గ్రాంటిస్తుంది, అంటే మన పన్నే.

ఇవ్వాల్సిందే అంటాను నేను. ఆదిలాబాద్ స్టేషను గోండి భాషలో కార్యక్రమాలు వేస్తుంది. సబ్బుల కంపెనీ ప్రకటనలను నమ్ముకుంటే వాటికి గంట సమయమైనా దక్కేదా? అక్కడ కొనుగోలుదారులు తక్కువని పక్కన పెట్టేస్తారు.

అయితే ఆ డబ్బు ఏటేటా ప్రభుత్వం చేతి మీదుగా రావడం నాకు నచ్చదు. ఈ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టే చెప్పింది. గ్రాంటిచ్చే ప్రభుత్వం మీదే నిక్కచ్చిగా వార్త చదవాలంటే న్యూస్‌రూములో గుండెధైర్యం ఒక్కటే సరిపోదురా. ఫిన్లాండులో 2013 నుంచి తమ ప్రసార సంస్థ కోసం విడిగా ఒక పన్ను వసూలు చేస్తున్నారు, ఆదాయాన్ని బట్టి. తక్కువ రాబడి ఉన్నవాళ్లకు మినహాయింపు. మనకూ అలాంటి చట్టం కావాలి: ఎంత డబ్బో కొన్నేళ్లకు ముందే ఖాయం చేసేది, కోపమొచ్చిన మంత్రి మధ్యలో కోత పెట్టలేనిది.