ముట్టుకోని కారు, మార్చుకున్న కారు

పాత కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా, మధ్యలో చేతులు పడ్డాయా అన్నది బానెట్ మీది మెరుపు చెప్పదు. డిక్కీ తెరిచి, రబ్బరు మ్యాట్ ఎత్తి, స్టెప్నీ ఉండే గుంట అడుగున చూడాలి. డాష్‌బోర్డు కింద తల దూర్చి పైకి చూడాలి. తలుపు అంచున ఉన్న రబ్బరు బీడింగ్‌ను కాస్త పక్కకు జరిపి చూడాలి. టింకరింగ్ షెడ్డులో ఎన్నిసార్లు రంగు కొట్టినా స్ప్రే గన్ ఈ మూలలకు సరిగ్గా చేరదు. మొదటి రంగు అక్కడే మిగిలి ఉంటుంది. పైకి తెల్లగా మెరిసే అంబాసిడర్‌కు డాష్‌బోర్డు కింద లేత నీలం కనిపించిందంటే దానికి మరో జన్మ ఉందని అర్థం. ఇక చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తలుపు కింది భాగం పొడవునా జరిపితే, అది పట్టు వదిలిన చోట రంగు కింద ఇనుప రేకు లేదు, లప్పం ఉంది.

ఇలాంటి కారు ముందు యజమాని ఏం చేయాలన్న వాదన చాలా దేశాల్లో దశాబ్దాలుగా సాగుతోంది. ఉన్నది ఉన్నట్టు కాపాడటం సంరక్షణ. చెడిపోయినదాన్ని మొదటి రూపానికి తేవడం పునరుద్ధరణ. నేటి అవసరానికో సొంత ఇష్టానికో తగ్గట్టు ఇంజన్, బ్రేకులు, సీట్లు, రూపం మార్చడం మాడిఫికేషన్. పాత బాడీ కింద కొత్త యంత్రాలు అమర్చే పద్ధతికి రెస్టోమాడ్ అని పేరు. మొదటి రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు కానీ, వాటి మధ్య దూరం చాలా ఉంది. పునరుద్ధరణ పేరుతో పాత రంగంతా గీకేసి, సీట్ల తోలు చించేసి, ప్రతి బోల్టుకూ కొత్త పూత వేస్తే కారు అందంగానే తయారవుతుంది. కానీ అది ఎలా తయారైందో చెప్పే ఆనవాళ్ళు ఆ గీకుడులోనే పోతాయి.

ఆ ఆనవాళ్ళ విలువ అంబాసిడర్ దగ్గరే తెలుస్తుంది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1950ల చివర మొదలుపెట్టి 2014 వరకూ తయారు చేసింది. దూరం నుంచి చూస్తే అన్నేళ్ళూ ఒకే కారు. దగ్గరికి వెళితే తేడాలు బయటపడతాయి. మార్క్ 2 ముందు భాగాన సన్నటి గళ్ళ గ్రిల్ ఉంటుంది. 1970ల నడుమ వచ్చిన మార్క్ 3లో దాని స్థానంలో అడ్డకమ్మీలు వచ్చాయి. తర్వాత డీజిల్ ఇంజన్ వచ్చింది, 1990లలో 1800 సీసీ ఇసుజు ఇంజన్ వచ్చింది. మార్క్ 2 గ్రిల్ విరిగితే మార్క్ 3 గ్రిల్ బిగించడం, పెట్రోలు ధర భరించలేక డీజిల్ ఇంజన్ దించడం, గేరు రాడ్‌ను స్టీరింగ్ పక్కనుంచి కిందికి మార్చడం మామూలు సంగతులు. ఎవరూ తప్పుగా అనుకోలేదు, తప్పు కూడా కాదు. అప్పటికి అది కుటుంబాన్ని మోయాల్సిన బండి. అయితే లక్షల్లో తయారైన కారులో ఫ్యాక్టరీ రూపం చెడనివి ఇప్పుడు వెతికితే గానీ దొరకవు. 1960ల నాటి మార్క్ 2 లోపల ఎలా ఉండేదో తెలియాలంటే అలా మిగిలిన కారే సాక్ష్యం. ముంబయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన ఫియట్ 1100, పద్మినీ కార్ల సంగతీ ఇంతే.

పోటీల్లోనూ ఈ దృష్టి నెమ్మదిగా మారింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1950 నుంచి జరుగుతున్న పెబుల్ బీచ్ ప్రదర్శన ఈ రంగంలో అందరూ చూసేది. చాలాకాలం అక్కడ పై బహుమతి అద్దంలా మెరిసే కార్లకే దక్కేది. 2024లో మొదటిసారి, పునరుద్ధరణ జరగని కారుకు ఆ బహుమతి వచ్చింది. అది 1934 నాటి బుగాటి టైప్ 59. దాని రంగు అక్కడక్కడా రాలి, వాడిన గుర్తులన్నీ అలాగే ఉన్నాయి. అయితే ఈ కారు పుట్టినప్పుడు ఇలా లేదు. గ్రాండ్ ప్రీ పందేల కోసం చేసిన దాన్ని తర్వాత స్పోర్ట్స్ కారుగా మార్చారు. బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ చేతికి వచ్చాక నల్లరంగు, దాని మీద పసుపు చార పడ్డాయి. బహుమతి గెలిచింది ఆ నల్లరంగుతోనే. పుట్టుకనాటి రూపానికి తేవాలని ఎవరైనా ఆ నలుపును గీకేసి ఉంటే రాజు కథ పోయేది. కాబట్టి ఒరిజినల్ అన్న మాటకు మొదటి రోజు రూపం అనే అర్థం ఒక్కటే సరిపోదు. కారు బతుకులో సహజంగా వచ్చి చేరినదీ అందులో భాగమే.

సరిగ్గా ఇదే ప్రశ్న ఒకసారి కోర్టుకెక్కింది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929, 1930 లె మాన్స్ పందేలు రెండూ గెలిచింది. ఆ తర్వాత దాని బాడీ మారింది, ఇంజన్ మారింది. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో ఘోర ప్రమాదం జరిగి, దాన్ని నడుపుతున్న క్లైవ్ డన్ఫీ చనిపోయాడు. పిమ్మట దాన్ని కూపేగా కట్టారు. దశాబ్దాల తర్వాత ఆ కారును కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకున్న కంపెనీ, లె మాన్స్‌లో గెలిచిన కారు ఇది కాదంటూ వెనక్కి తగ్గింది. 1990లో లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. 1929 నాటి భాగాలు దాదాపు ఏవీ మిగలలేదని న్యాయమూర్తి ఒప్పుకున్నారు. అందువల్ల దాన్ని ఒరిజినల్ అనలేమన్నారు. కానీ ఒక్కో భాగం మారుతూ వచ్చినా కారు మధ్యలో ఎక్కడా తెగిపోలేదు, దాని స్థానంలోకి మరో కారు రాలేదు; కాబట్టి ఇదే అసలైన ఓల్డ్ నంబర్ వన్ అని తేల్చారు. సామాను ఒకటి, వంశం ఒకటి. పాత కార్ల లోకంలో ఇంతకంటే స్పష్టమైన మాట మరొకటి దొరకదు.

మార్చేవాళ్ళ పక్షం కూడా కొత్తది కాదు. 1932లో ఫోర్డ్ చవకైన వి8 ఇంజన్ కారును తెచ్చింది. దక్షిణ కాలిఫోర్నియా యువకులు సెకండ్ హ్యాండ్‌లో అలాంటి కార్లు కొని, మడ్‌గార్డులు ఊడదీసి, బరువు తగ్గించి, ఇంజన్‌కు పదును పెట్టి ఎండిన చెరువుల మీద వేగం పరీక్షించుకున్నారు. హాట్ రాడ్ పుట్టింది అక్కడే. కొందరు వేగం కన్నా రూపాన్ని ఎంచుకున్నారు. బారిస్ సోదరులు 1951 నాటి మెర్క్యురీ కారు పైకప్పును కోసి కిందికి దించి, అంచులన్నీ నున్నగా చేసి తీర్చిన ‘హిరోహాటా మెర్క్’ను తర్వాతి కాలంలో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల జాబితాలో చేర్చారు. 2022 వేలంలో దాని ధర సుమారు 20 లక్షల డాలర్లు పలికింది. ఇప్పుడు ఆ కారును తిరిగి మామూలు మెర్క్యురీగా మార్చడమే విధ్వంసం అవుతుంది.

క్యూబాలో మార్పు ఇష్టం మీద జరిగింది కాదు. 1960ల మొదట్లో అమెరికా వాణిజ్య నిషేధం పడ్డాక విడిభాగాలు రావడం ఆగిపోయింది. హవానా వీధుల్లోని 1950ల షెవర్లే, బ్యూయిక్ కార్ల లోపల సోవియట్ భాగాలు, ఎక్కడెక్కడివో డీజిల్ ఇంజన్లు చేరాయి. ఒరిజినల్‌గా ఉంచాలని పట్టుబడితే అవి ఏనాడో తుక్కుగా పోయేవి.

ఈ ఉదాహరణలు చూసి ఏ కారునైనా ఎలాగైనా మార్చవచ్చని అనుకోవడం మాత్రం పొరపాటు. అవన్నీ మార్చేనాటికి పాత కార్లు కావు, వాడకంలోని బళ్ళు. యాభై ఏళ్ళు చెక్కుచెదరకుండా నిలిచిన దాన్ని ఈరోజు కోయడం వేరు. పాత కార్ల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 1966లో ఏర్పడింది. పురాతన కట్టడాల పరిరక్షణకు 1964లో రాసిన వెనిస్ చార్టర్ బాటలోనే అది కార్లకూ ట్యూరిన్ చార్టర్‌ను తెచ్చింది. దాని సారం: వీలైనంత తక్కువ ముట్టుకోవాలి, చేసిన ప్రతి పనినీ రాసి ఉంచాలి, చేసిన మార్పును వెనక్కి తీయగలిగేలా ఉండాలి.

ఈ మూడింటిలో చివరిదే అన్నిటికన్నా పనికొచ్చే కొలత. బోల్టు విప్పి తీసి, మళ్ళీ బోల్టు బిగిస్తే పాత రూపు వచ్చే మార్పు వల్ల కారుకు నష్టం లేదు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టడం, పాత క్రాస్-ప్లై టైర్లకు బదులు రేడియల్ వేయడం, వెనుక సీటుకు బెల్టు బిగించడం ఈ కోవలోవి. తీసిన సామాన్లకు చీటీ కట్టి పెట్టెలో దాచుకుంటే చాలు. కొత్త గేరుబాక్సు పట్టడానికి ఫ్లోర్ రేకు కోసినా, ఏసీ పైపుల కోసం ఫైర్‌వాల్‌కు రంధ్రాలు వేసినా, పెద్ద ఇంజన్ కోసం ఛాసిస్‌ను కోసి వెల్డింగ్ చేసినా వెనక్కి రావడం కుదరదు. జాగ్వార్ కంపెనీ 2017లో ఈ-టైప్ కారును విద్యుత్‌తో నడిచేలా మార్చి చూపినప్పుడు, పాత ఇంజన్ ఉన్న చోటే, అంతే కొలతల్లో బ్యాటరీని అమర్చింది. కావాలంటే పెట్రోలు ఇంజన్ తిరిగి పెట్టవచ్చని చెప్పింది. అయినా విద్యుత్‌కు మారిన కారును చారిత్రక వాహనంగా లెక్కించలేమని ఫివా అంటుంది. ఆ కారు చప్పుడు, వాసన, వేడి కూడా దాని చరిత్రే కనుక ఈ పట్టుదలలో న్యాయముంది.

ఎంత మారితే మరో కారవుతుందో బ్రిటన్ చాలాకాలం అంకెల్లో లెక్కగట్టింది. పాత రిజిస్ట్రేషన్ నంబరు నిలవాలంటే కనీసం 8 పాయింట్లు రావాల్సి ఉండేది. మార్పులు చేయని ఛాసిస్‌కు లేదా బాడీ షెల్‌కు 5, సస్పెన్షన్, యాక్సిల్స్, గేరుబాక్సు వ్యవస్థ, స్టీరింగ్‌లకు ఒక్కోదానికి 2, ఇంజన్‌కు ఒక్కటే. కారుకు గుండె ఇంజనే అని నమ్మేవాళ్ళకు ఇది వింతగా తోస్తుంది. కానీ మార్పు పడేది ముందుగా ఇంజన్‌కే, ఛాసిస్ మాత్రం చివరిదాకా నిలుస్తుంది.

భారతదేశంలో చట్టం ఇంకా కఠినం. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ పొంతన కుదరని మార్పులు చేయరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. ఆమోదం పొందిన గ్యాస్ కిట్, ఎలక్ట్రిక్ కిట్ లాంటివి రవాణా శాఖ అనుమతితో అమర్చుకోవచ్చు. మరోవైపు 2021లో వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగని కార్లూ ద్విచక్ర వాహనాలూ ఈ కోవలోకి వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, ఇంధనం, మరమ్మతుల కోసమే రోడ్డెక్కాలి. రోజువారీ వాడకానికీ, వ్యాపారానికీ వీల్లేదు. 1970ల మొదటి అంబాసిడర్లు ఇప్పుడు ఈ గీత దాటాయి. డీజిల్ ఇంజన్ దించిన కారు ఇక్కడే చిక్కుకుంటుంది.

పూర్తిగా శిథిలమైన కారుకు మాత్రం ఈ పట్టింపులు సడలుతాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అలాంటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సింహాసనం లాంటి ఆసనంతో చేయించిన ఈ కారు ఆయన కన్నుమూశాక చేతికందింది. ఏళ్ళ తరబడి మూలపడ్డ తర్వాత దాన్ని పునరుద్ధరించారు. దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ, ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజోరే సరస్సు అడుగున 70 ఏళ్ళకు పైగా పడి ఉన్న 1925 నాటి బుగాటి. 2009లో దాన్ని పైకి తీశారు. మరుసటి ఏడాది వేలంలో 2,60,500 యూరోలకు అమ్ముడుపోయింది. ఒక పక్క తుప్పు తినేసిన రేకుతోనే మ్యూజియంలో పెట్టారు. కొత్తగా చేస్తే అది మరో బుగాటి అయ్యేది, సరస్సు కథ మిగిలేది కాదు.

ఏ కోవకు చెందిన కారైనా నడవాలంటే తప్పని మార్పులు కొన్ని ఉన్నాయి. సీసం కలిపిన పెట్రోలు దేశంలో 2000లో ఆగిపోయింది. ఆ సీసమే పాత ఇంజన్లలో వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. ఇంజన్ విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించుకోవడం దీనికి విరుగుడు. పెట్రోలులో ఇథనాల్ కలపడం 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలని కారు ట్యాంకును లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బ్యురేటర్ వాషర్లను ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చాలి. కారు ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు పెట్రోలు తీసేయాలి. పాత పైపు చిట్లి వేడి ఇంజన్ మీద పెట్రోలు పడితే, యాభై ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోని రంగు, తోలు, చెక్క అన్నీ కలిసి పది నిమిషాల్లో కాలిపోతాయి.