గేదె పేరిటి యూరిలో మంచువారము

అమెరికాలో బఫెలో అను నగర మొకటి కలదు. పేరు వినగానే మనకు నవ్వు వచ్చును గాని, 2014వ సంవత్సరము నవంబరు నెలలో ఆ పేరు విని మా పొరుగింటి వదినగారికి ఏడ్పు వచ్చినది. ఆమె కుమారు డచ్చటి విశ్వవిద్యాలయమున చదువుచుండెను. బఫెలోలో నిలువెత్తు మంచు కురిసి యిండ్లు మునిగినవని వార్త వచ్చినది. ఆమె యన్నము ముట్టక మా యింటికి వచ్చి కూర్చుండెను. తుదకు టెలిఫోనులో దొరకిన కుమారుడు, "మా యింటి యెదుట జానెడు మంచైనను లేదమ్మా" అనెను. తల్లి నూఱడించుటకు కల్లలాడుచున్నాడని యామె తలంచెను. నిజము చెప్పవలెనన్న మేమును అట్లే తలంచితిమి. కాని యతడు చెప్పినది సత్యమే, వార్తయు సత్యమే. ఇది యెట్లు పొసగునో తెలిసికొనుటకై చదివి గ్రహించిన సంగతుల నిచ్చట వ్రాయుచున్నాము.

పుష్యమాసమున తెల్లవాఱుజామున చెఱువునకు నీళ్ళకు పోయినవా రెఱుగుదురు: నీటిపైనుండి పొగలు లేచుచుండును. చేయి ముంచిన నీరు గోరువెచ్చగా తోచును. పగలు త్రాగిన వేడిమిని నీరు త్వరగా విడువదు. గాలి మాత్రము తెల్లవాఱులోపల చల్లాఱిపోవును. నీటినుండి లేచిన యావిరి యా చలిగాలి తగిలి సన్నని బిందువులై పొగవలె కనబడును. బఫెలో మంచునకును మూల మిదియే. అచ్చట చెఱువు పెద్దది, గాలి మిక్కిలి చల్లనిది.

ఆ చెఱువు ఈరీ యను సరస్సు. పొడవు సుమారు 240 మైళ్ళు. దాని తూర్పు కొసను ఈ నగర మున్నది. వేసవిలో కాగిన నీరు నవంబరులో నింకను వెచ్చదనమును వీడదు. అప్పుడు కెనడా దెసనుండి పొడి చలిగాలి దానిమీదికి వచ్చును. గాలి క్రిందిపొర వేడెక్కి, తడి గ్రోలి, తేలికయై పైకి లేచును; లేచినకొలది చల్లాఱును. అందలి యావిరి ధూళికణముల నాశ్రయించి మంచుపలుకులై, ఆఱు కోణముల పూవులుగా పెరిగి రాలును. ఇందుకు 5,000 అడుగుల యెత్తున నున్న గాలి సరస్సు నీటికంటె 13 సెంటిగ్రేడు డిగ్రీలైనను చల్లగా నుండవలెనని శాస్త్రజ్ఞులు గుఱుతు పెట్టుకొనియున్నారు.

అసలు కీలకము గాలి దిక్కున నున్నది. గాలి సరస్సున కడ్డముగా వీచినచో నీటిపై నడచు దూరము స్వల్పము. మంచు పలుచని పాయలుగా చెదరి పడును. పొడవున వీచినచో దారి పొడవున గ్రోలిన తడి యంతయు నొక్క సన్నని పట్టీగా కూడి యొడ్డునకు చేరును. ఆ వారము జరిగిన దిదియే. పట్టీ క్రింద ఉఱుములతో మెఱుపులతో, గంటకు 3 అంగుళములకు మించి కురిసెను. నగరమునకు తూర్పు దక్షిణముల కొన్ని యూళ్ళలో 5 అడుగులు దాటెను. కొలది మైళ్ళ దూరమున, విశ్వవిద్యాలయ మున్న యుత్తరభాగమున, కొన్ని యంగుళములే. పట్టీ యంచు ఆకాశమున తెల్లని గోడ కట్టినట్లు కనబడెను.

దీనిని ముందుగా చెప్పలేదా? చెప్పిరి. గాలి యించుక మఱలినను పట్టీ యీ పేటనుండి యా పేటకు జరుగును గనుక, పెద్దనగరము పేరు మాత్రము విని భయపడుటయు, నిర్భయముగా నుండుటయు రెండును పొరపాటే. ఆ దేశపు వాతావరణశాఖవారు "వాచ్" అన్నచో రావచ్చును, కనిపెట్టి యుండుడని. "వార్నింగ్" అన్నచో వచ్చినది, లేక వచ్చుచున్నదని. మంచు పడుటకు నూటికి 70 పాళ్ళన్నచో, ఊరిలో 70 పాళ్ళ వీథులలో పడునని కాదు. అట్టి దినములు పది వచ్చిన నేడింట ఆ చోట పడునని. మన పంచాంగములలో నీ యేడు వాన యిన్ని యాఢకములని ఖండితముగా చెప్పుదురు. సందేహమును సైతము కొలిచి చెప్పుట మాకు క్రొత్తగా తోచి, నచ్చినది.

తెలుగున చెఱువుపై పొగయు మంచే, ఆకుపై బిందువును మంచే, ఈ తెల్లని ప్రోగును మంచే. అమరసింహుడు మంచునకు ఏడు పేరులు చెప్పి, ప్రోగుపడినదానికి వేఱుగా హిమాని యని పేరు చెప్పెను. ఈ హిమానిని కొలుచు నంగుళములు మన వానయంగుళములు కావు. ఏకిన దూదివలె గుల్లగా నుండును గనుక, మోటు లెక్కకు 10 అంగుళముల మంచు కరగి 1 అంగుళము నీరగును. మిక్కిలి చలిలో పడినది ఇంకను తేలిక. సగము కరగుచు పడినది చాల బరువు.

ఆ బరువే ప్రాణముల మీదికి తెచ్చినది. ఆ వారము మరణించినవారిలో మంచు నెత్తిపోయుచు గుండె యాగినవారు కలరు. రహదారిపై కార్లలో చిక్కి, ఒక దినమునకు మించి కదలలేక యుండినవారును కలరు. అట్టివారు వెచ్చదనమునకై యింజను నడపినపుడు, వెనుకనున్న పొగగొట్టము మంచుతో మూసికొనియున్నచో వాసన లేని విషవాయువు లోనికి చేరును. ముందు గొట్టము చుట్టును త్రవ్వి, కొంచెము సేపే నడపి, అద్దము నించుక తెఱచి యుంచవలెను. ఇది పిల్లలకు ఆవకాయతో బాటు కట్టి పంపవలసిన మాట.

ఈరీ తక్కిన మహాసరస్సుల కెల్ల లోతు తక్కువది. సగటున 62 అడుగులే. అందుచేత వానికంటె తేలికగా గడ్డకట్టును. గట్టిగా కట్టినచో ఆవిరి లేచుట తగ్గి, ఈ జాతి మంచును తగ్గును. వదినగారి కుమార్తె యిప్పు డదే యూర నున్నది. చలికాలమున టెలిఫోను మ్రోగగానే వదినగారు "తిన్నావా?" అని యడిగి, వెంటనే "గాలి ఏ దిక్కున నున్నదే? చెఱువు గట్టిపడినదా?" అని యడుగుదురు.