పాత చమురు బావులకు బాక్టీరియా వైద్యం: మార్కెట్‌కు ఒరిగేది ఎంత?

ముడిచమురు విషయంలో మన దేశం పరాధీనత ఏ మాత్రం తగ్గలేదు. 2023-24లో సుమారు 23 కోట్ల టన్నుల ముడిచమురు దిగుమతి కాగా, దేశీయ ఉత్పత్తి 3 కోట్ల టన్నుల లోపే ఉండిపోయింది. ఈ పరిస్థితిలో పాత బావులలో మిగిలిపోయిన చమురును సూక్ష్మజీవుల సాయంతో పైకి తెచ్చే పద్ధతి ఆశలు రేకెత్తించడం సహజమే. అయితే ఇది ముడిచమురు ధరను కదిలించగలదా? సూక్ష్మజీవులకు మేతగా వాడే మొలాసిస్‌కు కొత్త గిరాకీ తేగలదా? వర్తకులు తేల్చుకోవలసిన ప్రశ్నలు ఈ రెండే.

మిగిలేదే ఎక్కువ

భూగర్భంలో చమురు చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాతి రంధ్రాలలో, స్పాంజిలో నీరు ఉన్నట్లు ఉంటుంది. తొలి రోజులలో పొరలోని సహజమైన ఒత్తిడే దానిని పైకి నెడుతుంది. ఆ ఒత్తిడి తగ్గాక పక్క బావుల నుంచి నీరు ఎక్కించి చమురును తోస్తారు. ఇంత చేసినా, సాధారణంగా పొరలో ఉన్న చమురులో మూడో వంతు చేతికి వస్తే గొప్ప. మిగిలినది రాతికి అంటుకుని ఉండిపోతుంది. ఎక్కించిన నీరు సులువైన దారి చూసుకుని పారిపోతుంది. చివరకు బావి నుంచి చమురు కంటే నీరే ఎక్కువ వస్తుంది. ఆ నీటిని తోడి, వేరుచేసి, వదిలించుకునే ఖర్చు చమురు విలువను మించిన నాడు బావిని మూసివేస్తారు.

బావిలో బాక్టీరియా చేసే పని

ఈ మిగులు చమురు కోసమే బాక్టీరియాను రంగంలోకి దింపుతారు. గాలి లేని చోట బతకగల బాక్టీరియాను, దానికి కావలసిన మేతను నీటిలో కలిపి బావిలోకి ఎక్కిస్తారు. కొన్ని రోజులో, వారాలో బావిని మూసి ఉంచుతారు. లోపల పిండి పులిసినట్లు పులుపు పని జరుగుతుంది. పుట్టిన వాయువులు ఒత్తిడి పెంచి చమురును పలచబరుస్తాయి. ఆమ్లాలు సున్నపురాతిని కొంత కరిగించి దారి వెడల్పు చేస్తాయి. కొన్ని జాతులు సబ్బు వంటి పదార్థాలను తయారుచేస్తాయి. జిడ్డు పాత్రపై సబ్బు పనిచేసినట్లే ఇవి రాతికి పట్టిన చమురును విడదీస్తాయి. మరికొన్ని జాతులు జిగురును పుట్టించి, నీరు పారిపోయే పెద్ద దారులను పూడ్చుతాయి. అప్పుడు నీరు ఇంతవరకు తాకని రంధ్రాలలోకి వెళ్ళి అక్కడి చమురును తోసుకు వస్తుంది.

మరో పద్ధతిలో బయటి బాక్టీరియా అవసరం లేదు. పొరలో సహజంగా ఉన్న వాటికే నైట్రేటు, ఫాస్ఫేటు వంటి లవణాలు అందించి పెంచుతారు.

ధరతో పాటే ఆసక్తి

ఈ ఆలోచన కొత్తది కాదు. 1926లోనే బెక్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని సూచించాడు. 1940లలో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో క్లాడ్ జోబెల్ ప్రయోగాలు జరిపి 1946లో పేటెంటు పొందాడు. 1954లో అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రం, లిస్బన్ క్షేత్రంలో తొలి క్షేత్ర పరీక్ష జరిగింది. బాక్టీరియాకు మేతగా నూటికి 2 పాళ్ళ బీటు మొలాసిస్ కలిపిన నీటిని వాడారు. రాబడి పెరిగినట్లు నమోదయింది.

అయినా 1973 చమురు సంక్షోభం వరకు పెద్దగా పట్టించుకున్నవారు లేరు. పీపా 3 డాలర్ల నుంచి 1974 నాటికి 12 డాలర్ల సమీపానికి చేరాక ప్రయోగశాలలకు మళ్ళీ నిధులు వచ్చాయి. 1986లో ధరలు కుప్పకూలగానే ఉత్సాహం చల్లబడింది. మిగులు చమురు ఎప్పుడూ భూమిలోనే ఉంది. దానిని తీయడం గిట్టుబాటా కాదా అన్నది మాత్రం మార్కెట్ నిర్ణయిస్తూ వచ్చింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ సున్నాకు దిగువన ముగిసి, మన ఎం.సి.ఎక్స్.లో ఆ నెల కాంట్రాక్టు పీపాకు మైనస్ 2,884 రూపాయల వద్ద పరిష్కారమైన సంగతి బ్రోకర్లు మరువలేదు. అటువంటి రోజున పాత బావికి మందు వేయించే యజమాని ఎవరూ ఉండరు.

అనుభవం చెప్పేది

ఇటీవలి ప్రయోగాలలో అలబామా రాష్ట్రంలోని నార్త్ బ్లోహార్న్ క్రీక్ క్షేత్రం పేర్కొనదగినది. 1994లో ఆరంభమైన ఆ ప్రయోగంలో స్థానిక బాక్టీరియాకే పోషకాలు అందించారు. క్షేత్రం గిట్టుబాటు ఆయుష్షు 60 నుంచి 137 నెలల వరకు పెరగగలదని అంచనా వేశారు. అంటే చమురు ఉప్పొంగి రాలేదు, మూతపడవలసిన బావులకు మరికొన్ని ఏళ్ళు గడువు దొరికింది. ఈ విద్య అసలు స్వరూపం ఇదే.

మన దేశంలో ఓఎన్‌జీసీ, టెరి సంస్థలు కలిసి 90 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని తట్టుకునే బాక్టీరియా మిశ్రమాలను రూపొందించాయి. ఆ పనిని వాణిజ్య స్థాయికి తీసుకువెళ్ళడానికి 2007లో ఉమ్మడి కంపెనీ ఏర్పడింది. గుజరాత్ పాత క్షేత్రాలలో ఈ పద్ధతిని ప్రయోగించారు. కృష్ణా-గోదావరి బేసిన్ సంగతి అంత తేలిక కాదు. అక్కడ అధిక వేడి, అధిక ఒత్తిడి గల లోతైన పొరలు ఉన్నందున ప్రతి బావికీ ఈ చికిత్స పనికిరాదు.

లెక్క వేసి చూస్తే

ఉదాహరణకు వెయ్యి బావులలో ఈ పద్ధతి ఫలించి, ఒక్కొక్కటి రోజుకు 10 పీపాలు అదనంగా ఇచ్చిందనుకుందాం. మొత్తం 10,000 పీపాలు. మన దిగుమతులు రోజుకు 45 లక్షల పీపాలకు పైగా ఉన్నందున ఇది నూటికి పావు వంతు కూడా కాదు. పీపా 70 డాలర్ల లెక్కన బావి యజమానికి రోజుకు 700 డాలర్ల అదనపు రాబడి వస్తుంది, అతనికి అది మంచి బేరమే. ముడిచమురు ధరపై మాత్రం దీని ప్రభావం కనిపించదు.

ఇక మొలాసిస్ సంగతి. బావికి ఒక విడత 200 టన్నుల నీరు, అందులో నూటికి 2 పాళ్ళ మొలాసిస్ అనుకుంటే 4 టన్నులు. వెయ్యి బావులకు ఏటా రెండు విడతలకు 8,000 టన్నులు. ఎడతెగకుండా ఎక్కించే పద్ధతిలో పదింతలు పట్టినా 80,000 టన్నులు. దేశంలో ఏటా కోటి టన్నులకు పైగా మొలాసిస్ తయారవుతున్నది. అందులో ఇది నూటికి ఒక పాలు లోపే. మొలాసిస్ ధరను పెట్రోలులో కలిపే ఇథనాల్, డిస్టిలరీల కొనుగోళ్ళే శాసిస్తాయి గాని బాక్టీరియా కాదు.

గ్వార్ పాఠం

చమురు రంగం వల్ల వ్యవసాయ సరుకు ధర పేలిన సందర్భం లేకపోలేదు. అమెరికాలో రాతి పొరలను నీటి ఒత్తిడితో పగలగొట్టే పనికి గోరుచిక్కుడు జిగురు, అంటే గ్వార్ గమ్, అవసరమైంది. దాని సరఫరాలో మన రాజస్థాన్, హర్యానాలదే పెద్ద వాటా కావడంతో 2012లో గింజ ధర క్వింటాలు 30,000 రూపాయల సమీపానికి ఎగబాకింది. ఆ మార్చిలో ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ ఫ్యూచర్స్ వ్యాపారాన్ని నిలిపివేసింది; 2013 మేలో గాని తిరిగి అనుమతించలేదు. అయితే గ్వార్ చిన్న పంట, వాడకం భారీ, సరఫరా ఒకే ప్రాంతం నుంచి. మొలాసిస్‌కు ఈ మూడింటిలో ఒక్కటీ వర్తించదు. ఆ పోలికను నమ్ముకుని సరుకు పట్టి ఉంచడం మంచిది కాదు.

నష్టభయాలు కూడా లేకపోలేదు. పొరలో సల్ఫేటును హరించే బాక్టీరియా పెరిగితే విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. గొట్టాలు తుప్పు పడతాయి, చమురు నాణ్యత తగ్గుతుంది. జిగురు అతిగా పెరిగితే బావి ముఖమే పూడుకుపోవచ్చు.

ఇకముందు ఇటువంటి ప్రయోగాల వార్తలు వచ్చినప్పుడు వర్తకులు మూడు విషయాలు అడగవలసి ఉంది. ఎన్ని బావులలో చేశారు? పెరిగిన రాబడి ఎన్ని నెలలు నిలిచింది? అదనపు పీపాకు ఖర్చు ఎంత? ఒక బావిలో ఒక నెల రాబడి రెట్టింపయిందన్న మాట వినగానే బేరానికి దిగడం తొందరపాటు కాగలదు. పాత క్షేత్రాలున్న కంపెనీల ఖాతాలలో ఈ పద్ధతి నెమ్మదిగా లాభం చూపవచ్చు. ముడిచమురులో గాని, మొలాసిస్‌లో గాని ప్రస్తుతానికి దీనిని లెక్కలోకి తీసుకోనవసరం లేదు.