నాలుగేళ్ళ గడువిచ్చిన అమ్మ

మీ అబ్బాయి గదిలో పాటలు పెడితే మీ వంటింట్లో గిన్నెలు అదురుతున్నాయా? మా ఆదిలాబాద్‌లో పక్కింటి వదినకు అదే బాధ. ఇంటరయిన కొడుకు ఇంజనీరింగు వద్దు, బేస్ గిటారు నేర్చుకుంటానని భీష్మించుకు కూర్చున్నాడు. "ఆ మోతలో సంగీతం ఎక్కడుందమ్మా?" అని ఆవిడ గోల. దాన్ని హెవీ మెటల్ అంటారట. ఇనుప సామాన్ల కొట్టు అనుకునేరు!

వాడి గోడమీద పొడుగు జుట్టు కుర్రాడి బొమ్మ ఒకటుంది. పేరు క్లిఫ్ బర్టన్. 1962 ఫిబ్రవరి 10న అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టాడు. పదమూడేళ్ళప్పుడు అన్న స్కాట్ చనిపోయాడు. అన్న కోసం గొప్ప బేస్ వాద్యకారుణ్ణవుతానని అప్పుడే పట్టుబట్టాడట. రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల సాధన! బాఖ్ శాస్త్రీయ సంగీతమన్నా ప్రాణమే.

ఇంతకీ బేస్ అంటే? మామూలు గిటారుకు ఆరు తీగలుంటే దీనికి సాధారణంగా నాలుగే. లావు తీగలు, మంద్రమైన నాదం. దీపావళి రోజుల్లో మన గోండు గూడేల్లో దండారీ చూశారా? అందరి కళ్ళూ నెమలీకల టోపీల గుస్సాడీల మీదే. కానీ వాయిద్యాలు ఆగితే అడుగు పడదు. బేస్ కూడా అంతే. పప్పులో ఉప్పులాంటిది, లేనప్పుడే గుర్తొస్తుంది. అలాంటి వెనకవరస వాయిద్యాన్ని క్లిఫ్ ముందుకు తెచ్చాడు.

చదువయ్యాక సంగీతమే నా వృత్తి అన్నాడు. తల్లి జాన్, తండ్రి రే ఏం చేశారో తెలుసా? కేకలెయ్యలేదు, అలాగని 'నీ ఇష్టం నాయనా' అని వదిలెయ్యనూ లేదు. నాలుగేళ్ళు గడువిచ్చారు. అద్దె, తిండి మావి. ఈలోగా కాస్తయినా ఎదుగుదల కనబడకపోతే వేరే పని వెతుక్కోవాలి. కొడుకు సరేనన్నాడు. నాకైతే ఈ ఏర్పాటు భలే నచ్చింది. ఇందులో ప్రేమా ఉంది, లెక్కా ఉంది.

గడువు వృథా కాలేదు. లాస్ ఏంజెలిస్‌లో అతని వాయింపు చూసి మెటాలికా అనే కొత్త బృందం రమ్మంది. నేను ఊరు మారను, కావాలంటే మీరే రండి అన్నాడు. బృందమంతా శాన్‌ఫ్రాన్సిస్కో వైపు మకాం మార్చింది! 1983లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో గాత్రం లేకుండా అతని బేసే ప్రధానంగా ఓ అంశం ఉంది. 1986 మార్చిలో మూడో ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వచ్చింది.

ఆ సెప్టెంబరు 27 తెల్లవారుజామున స్వీడన్‌లో వాళ్ళ బస్సు బోల్తాపడింది. క్లిఫ్ అక్కడే పోయాడు. ఇరవై నాలుగేళ్ళు. ఆ తల్లికి ఇది రెండో కడుపుకోత.

అతని వాటాగా వచ్చే రాయల్టీ సొమ్మును తండ్రి, క్లిఫ్ చదివిన బడిలోని సంగీత విద్యార్థులకు స్కాలర్‌షిప్‌గా ఇచ్చేవాడు. 2009లో మెటాలికాకు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కినప్పుడు కొడుకు తరఫున వేదికెక్కిందీ ఆయనే. 2018లో అక్కడి కౌంటీవారు ఫిబ్రవరి 10ని క్లిఫ్ బర్టన్ దినంగా ప్రకటించారు. రే 2020లో, తొంభై నాలుగో ఏట కన్నుమూశాడు.

ఇదంతా వదినకు చెప్పాను. కొంగుతో కళ్ళొత్తుకుని, కాసేపు ఆలోచించి, "నాలుగేళ్ళెందుకు, డిగ్రీ చదువుతూ రెండేళ్ళు చాలదూ?" అంది. లోపలినుంచి వాడు "మూడు!" అని అరిచాడు. బేరం ఇంకా తెగలేదు.