కణములోని గండి

తణుకులో గోస్తనీ కాలువగట్టున బ్రతుకువారికి నీటి గుణము నొకరు చెప్పనక్కఱలేదు; చేను పండించునదియు, గండి పడిననాడు ఆ చేనినే ముంచునదియు నొక్క నీరే. మన దేహమందలి ప్రతికణమును నిండియున్నది నీరే కాన, ఎక్స్ కిరణములు సోకినపుడు డి.ఎన్.ఏ.కు గలుగు హానిలో రమారమి మూడింట రెండువంతులు ఆ నీటి మూలముననే సంభవించుచున్నది.

డి.ఎన్.ఏ. రెండు పేటలు పెనవేసికొన్న త్రాడు. ఒక్కొక పేటలో భాస్వరామ్లమును, ఐదు కర్బన పరమాణువులుగల యొక చక్కెరయు మార్చి మార్చి గ్రుచ్చబడియుండును. ఆ చక్కెర మన మిల్లులలో చెఱకునుండి తీయు చక్కెరకు దూరపు చుట్టము. ఇట్టి భాస్వరమును జీవపదార్థములలో కొలుచు పద్ధతిని 1925లో శాస్త్రజ్ఞుడు ఫిస్కేతో గూడి ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావు భీమవరమున జన్మించినవాడు. ఇక ఆ ఎక్స్ కిరణములపైననే ప్రేగ్ నగరమున పరిశోధించి, పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తున కేంద్రక భౌతికశాస్త్రమునకు పాదువేసిన స్వామి జ్ఞానానంద ఆ చేరువనున్న గొరగనమూడివారు.

కిరణము తాకిన నీటి అణువునుండి ఒక ఎలక్ట్రాను ఊడిపోవును. మిగిలినది పొరుగు అణువునకు ప్రోటాను నప్పగించి, జతలేని ఎలక్ట్రానుతో హైడ్రాక్సిల్ రాడికల్‌గా మాఱును. దాని ఆయువు సెకనులో నూఱుకోట్లవ వంతు మాత్రమే. ఐనను ఆ లోపుననే అది పేటలోని చక్కెరనుండి హైడ్రోజనును లాగికొనును, పేట తెగును. అది చక్కెర నంటియున్న గ్వానీనను క్షారమును తాకినచో ఆక్సోగ్వానీను పుట్టి, ఎదుటి పేటలో తన జతయైన సైటోసీనను క్షారమునకు మాఱుగా అడెనీనను వేఱొక క్షారముతో జతకట్టవచ్చును. నకలు తీయుతఱి ఆ తప్పు శాశ్వతమగును.

సోకిన కిరణశక్తిని కొలుచు ప్రమాణమైన గ్రే ఒక్కటి మోతాదునకు కణమొక్కింటికి సుమారు 1000 చోట్ల ఒంటిపేటయు, 40 చోట్ల వరకు రెండు పేటలును తెగునని లెక్క. ఒక గట్టునకు గండిపడినచో ఆవలి గట్టు ఆనవాలుగా కాలువ కాపలాదారులైన లస్కర్లు పూడ్చినట్లే, ఒంటిపేట తెగినచో కణములోని ఎంజైములు రెండవదానిని చూచి చక్కబఱచును. రెండు గట్లును ఒక్కచోటనే తెగినపుడు ఆనవాలు పోవును, అతుకు తప్పవచ్చును, కణము చచ్చుటయో, కొన్నియెడల ఏండ్లకు కాన్సరుగా పరిణమించుటయో జరుగవచ్చును.

ఐనను ఛాతికి తీయు ఎక్స్‌రే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్టు (గ్రేకంటె మిక్కిలి చిన్న కొలత), నేలనుండియు నాకాశమునుండియు ఏటేట మనకు సహజముగ సోకునది సగటున 2.4. కాన్సరు వైద్యులు గడ్డపై ఎంతో హెచ్చు మోతాదును గుఱిపెట్టి, బుద్ధిపూర్వకముగ రెండు గట్లును తెగగొట్టుదురు. లాకు తలుపు ఎంత యెత్తవలయునో, ఏ చేనికి వదలవలయునో యెఱుగుటయే అందలి విద్య.