డి.వి.డి.లకు నకళ్లు తీయుటలో వచ్చు చిక్కులు

గ్రామ పంచాయతీ కార్యాలయములలోని బీరువాలను తెరచి చూచినచో రిజిస్టర్ల నడుమ కాగితపు సంచులలో పెట్టిన డి.వి.డి.లు నాలుగైదైనను కనిపించుట కద్దు. ఒకదానిలో గ్రామసభ దృశ్యములు, వేరొకదానిలో ఉపాధి హామీ పనులపై జరిగిన సామాజిక తనిఖీ, మరియొకదానిలో చెరువు హద్దులు కొలిచిననాటి చిత్రములు ఉండవచ్చును. వీనిని తీసినది ఊరి ఫోటో స్టూడియో వారో, చదువుకొన్న యువకులో అయి యుందురు. పెక్కింటికి రెండవ ప్రతి లేదు. క్రొత్తగా కొను కంప్యూటర్లలో అధిక భాగమునకు నేడు డి.వి.డి. పెట్టు చోటే ఉండుట లేదు. చెరువు హద్దును గూర్చి రేపు తగవు వచ్చినచో, ఆనాడు రాయి ఎచ్చట పాతిరో చూపగల సాక్ష్యము ఆ ఒక్క డిస్కులోనే ఉండవచ్చును. కావున నకలు తీయించుటను వాయిదా వేయరాదని మా మనవి. తీయించునపుడు ఎదురగు చిక్కులను, వాని కారణములను ఇచ్చట వివరించుచున్నాము. సినిమా డిస్కులతో మనకు నిమిత్తము లేదు. వానికి తాళము వేసి యుందురు, హక్కులును ఇతరులవి. మనము స్వయముగా తీసి వ్రాసికొన్న డిస్కులను గూర్చియే ఈ ప్రస్తావన.

అంగడిలో అమ్ము సినిమా డి.వి.డి. కర్మాగారములో అచ్చు ఒత్తినట్టిది. మన కంప్యూటరులో వ్రాసినది అట్లు కాదు. 0.6 మిల్లీమీటరు మందముగల రెండు ప్లాస్టిక్ బిళ్లల నడుమ దానికి పలుచని రంగు పూత ఉండును. రైటరులోని ఎర్రని లేజరు కిరణము ఆ పూతపై సూక్ష్మమైన గుర్తులు కాల్చును. రంగు గుడ్డ ఎండలో వెలిసినట్లే ఈ పూతయు ఎండకు, వేడికి, కాలక్రమమున చెడును. సినిమా డిస్కు ఇరువది ఏండ్లకును ఆడుచుండగా గ్రామసభ డిస్కు మొరాయించుట ఇందువలననే.

డిస్కును పెట్టగా అందులో ఏమియు లేదని కంప్యూటరు చూపుట మొదటి చిక్కు. అంతమాత్రమున డిస్కు పాడైనదని పారవేయుట తొందరపాటు. వ్రాత ముగిసిన పిదప డిస్కును మూసివేయు పని యొకటి కలదు. దానినే ‘ఫైనలైజ్’ చేయుట అందురు. అది జరుగనిచో వ్రాసిన యంత్రము చదువును గాని ఇతర యంత్రములు తరచుగా చదువజాలవు. హ్యాండీక్యామ్ కెమెరాలలో వాడిన 8 సెంటీమీటర్ల చిన్న డిస్కుల విషయమున ఇది మిక్కిలి సామాన్యము. ఆ కెమెరా ఎవరి యింటనైనను ఉన్నచో దానిలోనే పెట్టి ఫైనలైజ్ చేయింపవలెను. ఈ లోపల కంప్యూటరు ‘డిస్కు ఖాళీగా ఉన్నది, సిద్ధము చేయుదునా’ అని అడిగినచో ఎంతమాత్రము సమ్మతింపరాదు. ఉన్నదియు పోవును.

నకలు సగము వరకు సాగి నిలిచిపోవుట రెండవది, పెక్కుమందిని వేధించునదియు ఇదియే. డి.వి.డి.పై వ్రాత లోపలి చుట్టునుండి అంచువైపునకు సాగును. చేతి వ్రేళ్ల మరకలు, గీతలు అంచుననే ఎక్కువ. అందుచేత సభ ప్రారంభము చక్కగా కనిపించి, తీర్మానములు చేయు ఘట్టమునకు వచ్చుసరికి బొమ్మ బిగిసిపోవును. ఇట్టిచో డిస్కును మెత్తని శుభ్రమైన గుడ్డతో నడిమి రంధ్రమునుండి అంచునకు తిన్నగా తుడువవలెను. గ్రామఫోను రికార్డువలె గుండ్రముగా తుడిచినచో, పడిన గీత వ్రాత వెంబడియే సాగి హాని ఎక్కువ చేయును. తుడిచినను చదువనిచో మరియొక డ్రైవులో పెట్టి చూడవలెను. ఒక డ్రైవు చదువలేని డిస్కును వేరొకటి సులభముగా చదువుట తరచుగా జరుగును. లోపము డిస్కుది కాక, దుమ్ము పట్టిన కటకముదే కావచ్చును. యు.ఎస్.బి. తీగతో తగిలించు డ్రైవు ఒకటి మండలములో ఎవరివద్దనైనను దొరకును. అదియు ఫలింపనిచో, చెడిన చోటులను దాటి మిగిలినదంతయు ముందు ఏరి, పిదప చెడిన చోటులను మరల మరల ప్రయత్నించు డీడీరెస్క్యూ వంటి ఉచిత సాధనములు కలవు. సభలో రెండు నిమిషములు పోయినను తక్కినది దక్కును.

మూడవది, పట్టకపోవుట. సాధారణ డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు పట్టును. కంప్యూటరు వేరు లెక్కలో దానినే 4.38గా చూపును, అది మోసము కాదు. మూలము రెండు పొరల డిస్కైనచో అందులో 8.5 వరకు ఉండును. దానిని ఒక పొర డిస్కులో ఎక్కింపబూనుట మానికెడు గిన్నెలో కుంచెడు బియ్యము పోయుటయే. రెండు పొరల ఖాళీ డిస్కునే కొనవలెను. పెన్‌డ్రైవులోనికి ఎక్కించువారికి ఇంకొక అడ్డంకి కలదు. చోటు ఎంత ఉన్నను, పెన్‌డ్రైవు ‘ఫ్యాట్ 32’ పద్ధతిలో ఉన్నచో 4 గిగాబైట్లను మించిన ఒక్క ఫైలును అది స్వీకరింపదు. ‘ఎక్స్‌ఫ్యాట్’ పద్ధతికి మార్చినచో స్వీకరించును. అయితే మార్చుటకు ముందు అందులోనివి వేరొకచోట భద్రపరుపవలెను, ఏలయనగా మార్పుతో అవి చెరిగిపోవును.

నకలు కంప్యూటరులో ఆడి టి.వి. ప్లేయరులో ఆడకపోవుట కూడ కలదు. ప్లేయరు ‘వీడియో టీఎస్’ అను సంచికను డిస్కు మొదటి వరుసలోనే వెదకును. దానిని వేరొక సంచిక లోపల పెట్టినను, దృశ్యములను మొబైలు ఫైళ్లవలె ఎక్కించినను పాత ప్లేయర్లు గుర్తింపలేవు. విడి ఫైళ్లను లాగి వేయుట మాని, డిస్కు మొత్తమునకు ‘ఐ.ఎస్.ఓ.’ ప్రతిబింబము తీసి, దానినుండి క్రొత్త డిస్కు వ్రాయించుట మేలు. వ్రాయు వేగమును 16 రెట్లనుండి 8కి తగ్గించిన పని నిదానమగును గాని తప్పులు తగ్గుట కద్దు.

ఇక అసలు సంగతి. 1984లో కరణముల వ్యవస్థ రద్దగుటకు పూర్వము, నకలు వ్రాసిన పిదప దానిని మూలముతో సరిచూచుట వాడుక. డి.వి.డి. నకలునకును ఆ మర్యాదయే తగును. రైటరు పళ్లెము వెలుపలికి వచ్చినంతనే పని ముగిసినట్లు కాదు. వ్రాయు సాధనములలో ‘వెరిఫై’ అను ఎంపిక ఉండును. అది నకలును తిరిగి చదివి మూలముతో పోల్చును. పదిహేను నిమిషములు ఎక్కువ పట్టునని స్టూడియో వారు దానిని మానుదురు. సభ్యులు దగ్గర నిలిచి చేయింపవలెను. పిదప వేరొక యంత్రములో మొదలు, నడుమ, చివర చూచి రిజిస్టరులో తేదీ వేయవలెను.

నకలు సరియని తేలినను మూలమును పారవేయరాదు. ఒక ప్రతిని డిస్కుగాను, ఒకదానిని హార్డ్ డిస్కులోను ఉంచి, ఒకటి పంచాయతీ కార్యాలయమున, మరియొకటి వేరొక కట్టడమున భద్రపరుపవలెను. డిస్కుపై అంటించు కాగితపు చీటీలు తిరుగునపుడు సమతూకమును చెరచును. డిస్కులకై అమ్ము మెత్తని మొన పెన్నుతో గ్రామము పేరు, సభ తేదీ, నకలు తీసిన తేదీ వ్రాసి, గట్టి పెట్టెలో నిలువుగా నిలిపి, కిటికీకి ఎదురు కాని అరలో పెట్టవలెను.